పారా సిగ్నల్స్: భుజాన రేడియోతో మెరూన్ టోపీ దాకా, ఆపైన

స్పెషల్ ఫోర్సెస్ అనగానే మన కుర్రాళ్ల కళ్ల ముందు కదిలేది గడ్డం, తుపాకీ, హెలికాప్టర్ నుంచి వేలాడే తాడు. చిన్న టీము ఒకటి అడవిలోకి దిగినప్పుడు అందులో ఒకడి పిట్టూలో (వీపున వేసుకునే సంచిలో) మిగతావాళ్ల కంటే అయిదారు కిలోలు ఎక్కువ బరువుంటుంది. రేడియో సెట్టు, బ్యాటరీలు, యాంటెన్నా వైరు. వాడు నోరు విప్పితేనే హెలికాప్టర్ వస్తుంది, గాయపడినవాణ్ని తీసుకుపోతుంది. ఆ ఉద్యోగంలోకి ఎలా వెళ్లాలి, వెళ్లాక ఎలా నిలవాలి, సిగ్నల్‌మన్ నుంచి సుబేదార్ దాకా ఎలా ఎదగాలి అన్నదే ఈ వ్యాసం. ఇదంతా భారత సైన్యం సంగతి.

ఒక్క మాట ముందే. ఈ దారిలో కాళ్లు మిమ్మల్ని లోపలికి తీసుకెళ్తాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లూ పని చెవులకీ చేతులకీ. పదోన్నతి మాత్రం కాగితం మీద ఆధారపడుతుంది. చాలామంది మొదటిదానికే తయారవుతారు, మిగతా రెండింటి దగ్గర ఆగిపోతారు.

రెండు గుమ్మాలు

స్పెషల్ ఆపరేషన్స్‌లో రేడియో పట్టేవాళ్లు రెండు రకాలుగా వస్తారు. నేరుగా పారాచూట్ రెజిమెంట్‌లో చేరి, పారా ఎస్‌ఎఫ్ (స్పెషల్ ఫోర్సెస్) బెటాలియన్‌లో నిలిచాక కమ్యూనికేషన్‌ను తన స్పెషాలిటీగా నేర్చుకునేవాడు ఒకరకం. ఆ టీముల్లో ఆయుధాలు, పేలుడు పదార్థాలు, వైద్యం, నావిగేషన్, కమ్యూనికేషన్ అని ఒక్కొక్కరికీ ఒక చేతిపని ఉంటుంది. వీళ్ల శిక్షణ కేంద్రం బెంగళూరులో.

రెండోరకం కోర్ ఆఫ్ సిగ్నల్స్‌లో చేరి, అక్కణ్నుంచి పారాకి వాలంటీర్ అయ్యేవాడు. సిగ్నల్స్ కోర్ 1911 ఫిబ్రవరి 15న పుట్టింది. నినాదం 'తీవ్ర చౌకస్'. జవాన్ల శిక్షణ జబల్‌పూర్‌లోనూ గోవాలోనూ, పైస్థాయి కోర్సులు మధ్యప్రదేశ్‌లోని మౌ కాలేజీలో. ఆగ్రాలోని 50వ ఇండిపెండెంట్ పారాచూట్ బ్రిగేడ్‌కి సొంత సిగ్నల్ కంపెనీ ఉంది. అందులో పనిచేసే సిగ్నల్స్ జవాను కూడా అందరిలాగే ప్రొబేషన్ దాటి, విమానం నుంచి దూకి, పారా సైనికుల గుర్తయిన మెరూన్ టోపీ పెట్టుకుంటాడు.

ఏది మేలు? పోరాటమే కావాలనుకుంటే మొదటిది. రేడియో అంటే నిజంగా ఇష్టముంటే, సైన్యం నుంచి బయటికొచ్చాక కూడా చేతిలో విద్య ఉండాలనుకుంటే రెండోది. ఈ వ్యాసం ఎక్కువగా రెండోదాని గురించే. దీని గురించి తెలుగులో చెప్పేవాళ్లు తక్కువ.

చేరడం

2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించాక జవాన్ల స్థాయి నియామకాలు అగ్నివీరులుగానే. నాలుగేళ్ల సర్వీసు. చివర్లో ప్రతి బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందిని రెగ్యులర్‌గా తీసుకుంటారు, వాళ్లు మరో 15 ఏళ్లు చేయాలి. నాలుగేళ్లకి ఇంటికొచ్చేవాళ్లకి సేవానిధి కింద పది లక్షల పైచిలుకు, దాని మీద వడ్డీ వస్తాయి. పెన్షన్ ఉండదు. ఈ లెక్క ఇంట్లో అందరికీ ముందే అర్థమయ్యేలా చెప్పండి, తర్వాత గొడవలుండవు.

సిగ్నల్స్‌కి దగ్గరి దారి టెక్నికల్ కేటగిరీ. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లీషు ఉండాలి. మొత్తం మీద 50 శాతం, ఒక్కో సబ్జెక్టులో 40 శాతం. పది తర్వాత ఐటీఐ, డిప్లొమా చేసినవాళ్లకీ దారి ఉంది. ఎలక్ట్రానిక్ మెకానిక్, ఐటీ లాంటి ట్రేడులు లెక్కలోకి వస్తాయి, బోనస్ మార్కులూ కలుస్తాయి. జనరల్ డ్యూటీకి పదిలో 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 చాలు. కానీ 'నాకు సిగ్నల్స్ కావాలి' అని అడిగే హక్కు మీకు లేదు. ఏ కోర్‌కి పంపాలో ఖాళీలను బట్టి సైన్యమే నిర్ణయిస్తుంది. సిగ్నల్స్ ఇప్పిస్తానని డబ్బులడిగేవాడు మోసగాడు, అందులో రెండో మాట లేదు.

మనవాళ్లకి గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాద్ రిక్రూటింగ్ ఆఫీసులున్నాయి. మీ జిల్లా దేని కిందికొస్తుందో నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. వయసు పరిమితి కూడా ఆ ఏడాది నోటిఫికేషన్‌లోదే ప్రమాణం, మామయ్య చెప్పింది కాదు. ముందు కంప్యూటర్ పరీక్ష. ఈమధ్య తెలుగులోనూ రాయొచ్చు. తప్పు జవాబుకి పావు వంతు మార్కు కోత. అది దాటాక ర్యాలీ: 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పరిగెత్తితే పూర్తి 60 మార్కులు, పుల్‌అప్స్ పది తీస్తే 40. తొమ్మిదడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ దాటితే చాలు. మనవాళ్లు ఎక్కువగా మార్కులు వదిలేసేది పుల్‌అప్స్ దగ్గర. పరుగుకి ఊరి బయట రోడ్డు ఉంటుంది, వేలాడ్డానికి కడ్డీ ఉండదు. రెండు వేప కొమ్మల మధ్య ఇనప పైపు కట్టుకున్నా సరే, ఆరు నెలల ముందు నుంచి చేయి ఆనించాలి.

మెడికల్‌లో చదునైన పాదాలు, మోకాళ్లు రాసుకోవడం, వెరికోసీల్ (వృషణాల దగ్గర ఉబ్బిన నరాలు) లాంటివాటితో పాటు చెవులు చూస్తారు. గులిమి పేరుకుని ఉంటే అప్పటికప్పుడు అన్‌ఫిట్ రాసి పంపేస్తారు, మళ్లీ అప్పీలుకి తిరగాలి. పది రోజుల ముందే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర శుభ్రం చేయించుకోండి. పుల్ల పెట్టి తిప్పొద్దు. పొర చిల్లుపడితే సిగ్నల్స్ కల అక్కడితో సరి.

చేరకముందే నేర్చుకోగలిగిందొకటుంది: హ్యామ్ రేడియో. కేంద్ర టెలికాం శాఖ పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది, 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. జనరల్ గ్రేడ్‌కి మోర్స్ (చుక్కలూ గీతల సంకేత భాష) కూడా నిమిషానికి 8 పదాల వేగంతో రావాలి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో దీనికి ప్రసిద్ధి. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చి అండమాన్‌లో ఫోన్లు మూగబోయిన రోజున ఆ సంస్థ బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. బృందం నాయకురాలు భారతీ ప్రసాద్ హోటల్ గదిలోని సెట్టుతోనే కబుర్లు బయటికి పంపారు. హ్యామ్ పరీక్షకి చదివే యాంటెన్నా పాఠాలే రేపు ట్రేడ్ ట్రైనింగ్‌లో మీకు పాత చుట్టాల్లా కనిపిస్తాయి. సైన్యంలో చేరాక మాత్రం అనుమతి లేకుండా ఆ లైసెన్సు వాడకూడదు.

శిక్షణ కేంద్రం, హిందీ గండం

మొదట బేసిక్ మిలిటరీ ట్రైనింగ్: డ్రిల్, ఫైరింగ్, పీటీ. తర్వాత ట్రేడ్ ట్రైనింగ్. రేడియో ఆపరేటర్లు, టెక్నీషియన్లు, లైన్ వేసేవాళ్లు, సైఫర్ (రహస్య సంకేతాల) వాళ్లు, డ్రైవర్లు, క్లర్కులు అంతా ఈ కోర్‌లోనే ఉంటారు. గణతంత్ర దినోత్సవాన మోటార్‌సైకిళ్ల మీద గోపురంలా నిలబడే డేర్ డెవిల్స్ కూడా సిగ్నల్స్ వాళ్లే, 1935 నుంచి. పారా వైపు చూసేవాడికి ఆపరేటర్ లేదా టెక్నీషియన్ ట్రేడు అనుకూలం. ట్రేడు కేటాయింపు అప్టిట్యూడ్‌ని బట్టి, అవసరాన్ని బట్టి జరుగుతుంది. అందుకే తొలి పరీక్షలను పీటీ అలసటలో తేలిగ్గా తీసుకోకండి.

తెలుగువాళ్లకి అసలు పరీక్ష హిందీ. ఉస్తాద్ (శిక్షకుడు) పాఠం చెప్పేది హిందీలో, తిట్టేదీ హిందీలోనే. మాట్లాడటం మూడు నెలల్లో వచ్చేస్తుంది. అంకెలే ప్రాణం తీస్తాయి. తెలుగులో డెబ్భై తొమ్మిదీ ఎనభై తొమ్మిదీ ఎంత వేగంగా విన్నా కలిసిపోవు. హిందీలో 79 ఉనాసీ, 89 నవాసీ. గరగరమనే హెడ్‌సెట్‌లో రెండూ ఒకటే. గ్రిడ్ రిఫరెన్స్‌లో ఆ ఒక్క పొరపాటు ఎంత ఖరీదో చూడండి: ఆరంకెల గ్రిడ్ వంద మీటర్ల గడిని చూపిస్తుంది, ఎనిమిదంకెలది పది మీటర్లని. నడుమ అంకె తప్పితే టీము ఒక కొండ మీద, సాయం ఇంకో కొండ మీద. అందుకే రేడియో మీద ఏ భాషలోనైనా అంకెలను విడివిడిగా చెప్పాలి, ఏడు, తొమ్మిది అని. ఎదుటివాడు తిరిగి చదవాలి. అక్షరాలకి ఆల్ఫా, బ్రావో, చార్లీ పట్టిక. ఇది నిద్రలో లేపి అడిగినా రావాలి. బస్సులో కూర్చుని ఎదురొచ్చే లారీల నంబర్ ప్లేట్లు ఆ పద్ధతిలో చదువుకుంటూ పోతే పదిహేను రోజుల్లో నోటికెక్కుతుంది.

వాలంటీర్, ప్రొబేషన్, ఆగ్రా

శిక్షణ కేంద్రంలో ఉండగానో, యూనిట్‌కి వెళ్లాకో పారాకి వాలంటీర్లను అడుగుతారు. బలవంతమేమీ ఉండదు. పారాకి సుమారు మూడు నెలల ప్రొబేషన్, ఎస్‌ఎఫ్‌కి ఆరు నెలలు. పది, ఇరవై, ముప్ఫై, నలభై కిలోమీటర్ల స్పీడ్ మార్చ్‌లు, వీపున బరువు, చేతిలో రైఫిల్, మధ్యలో నిద్ర లేకపోవడం, రగ్డా (ఒళ్లు హూనమయ్యే శిక్ష కసరత్తు). నెగ్గనివాణ్ని పాత యూనిట్‌కి తిప్పి పంపుతారు. అది నామోషీ కాదు. మళ్లీ వచ్చి నెగ్గినవాళ్లున్నారు.

సిగ్నల్స్ వాళ్లు ఇక్కడ ఎందుకు పడిపోతారంటే, చాలామంది ఉత్త పరుగు సాధన చేసి వస్తారు. బరువుతో నడవడం వేరే విద్య. నాలుగు నెలల ముందు 8 కిలోలతో మొదలుపెట్టి, రెండు వారాలకొకసారి 2 కిలోలు పెంచుతూ 20 దాకా వెళ్లండి. వారానికి రెండుసార్లు చాలు, రోజూ అక్కర్లేదు. ఇసుక మూట నేరుగా పెట్టొద్దు, నడుం కిందికి జారి వెన్ను లాగేస్తుంది. దుప్పటి అడుగున పెట్టి, బరువు భుజం ఎముకల మధ్య ఉండేలా కట్టాలి. రేడియో కూడా పిట్టూలో అక్కడే ఉంటుంది. పాదాలకి పలచటి మేజోడు లోపల, మందపాటిది పైన. వేడిగా రుద్దుకుంటోందని అనిపించిన నిమిషంలోనే ఆగి టేపు వేయాలి. బొబ్బ తేలాక వేసే టేపు బొబ్బ చర్మాన్ని ఊడబెరకడానికే పనికొస్తుంది. ముంగాలి ఎముక (షిన్) నొప్పిని దాచి పరిగెత్తేవాడు స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో (ఎముకలో పగులుతో) ఆస్పత్రిలో తేలతాడు.

ప్రొబేషన్ నెగ్గాక ఆగ్రాలో వాయుసేన నడిపే పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్. నేల మీద దొర్లడం, నమూనా విమానం తలుపు నుంచి అడుగు వేయడం మక్కీకి మక్కీ నేర్పించి, మల్పురా డ్రాప్ జోన్ మీద అయిదు దూకుళ్లు దూకిస్తారు, అందులో ఒకటి రాత్రి. ఎత్తు సుమారు 1,250 అడుగులు. అయిదూ అయ్యాక రొమ్ము మీద రెక్కలు.

రేడియోతో దూకడానికి ఇంకొంచెం ఉంది. సామాను మూట కాళ్ల ముందు కట్టి ఉంటుంది. గొడుగు విచ్చుకున్నాక తాడు మీద కిందికి వదిలితే అది ముందు నేల తాకుతుంది, తర్వాత మీరు. అంటే సెట్టు మీకంటే గట్టిగా గుద్దుకుంటుంది. యాంటెన్నా విప్పేసి వేరుగా చుట్టాలి. సాకెట్‌లో బిగించి దూకితే మొదట విరిగేది ఆ మొదలే. సెట్టు చుట్టూ నురగ చాప గానీ మడతపెట్టిన దుప్పటి గానీ ఉండాలి. నేల తాకాక మొదట చూడాల్సినవి నాబులు. కుదుపుకి ఛానల్ మారిపోతుంది, వాల్యూమ్ సున్నాకి పోతుంది. 'సెట్టు చచ్చిపోయింది' అని హడావుడి పడే సందర్భాల్లో చాలావాటికి కారణం ఒక నాబు అరచుట్టు తిరగడమే.

అసలు పని

ఇక్కడ కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి.

మూడు రకాల తరంగాలు గుర్తుంచుకుంటే చాలు. విహెచ్‌ఎఫ్ చూపు సాగినంత మేర. హెచ్‌ఎఫ్ ఆకాశంలోని పైపొరకి (అయనోస్ఫియర్‌కి) తగిలి తిరిగొస్తుంది, 3 నుంచి 30 మెగాహెర్ట్జ్. శాటిలైట్ పైన బాట తెరిచి ఉంటేనే.

విహెచ్‌ఎఫ్ ఎంత దూరం అందుతుందో వేలి లెక్క ఉంది: రెండు యాంటెన్నాల ఎత్తు మీటర్లలో తీసుకుని, ఒక్కోదాని వర్గమూలం కలిపి, 4.12తో గుణిస్తే కిలోమీటర్లు. ఇద్దరి యాంటెన్నాలూ 2 మీటర్ల ఎత్తులో ఉంటే 11.7 కిలోమీటర్లు. ఒకదాన్ని చెట్టెక్కించి 10 మీటర్లకి తీసుకెళ్తే 18.9. ఇది చదును నేల మీద కాగితపు లెక్క. నల్లమల లాంటి కొండా చెట్టూ కలిసిన చోట మూడు కిలోమీటర్లు దొరికితే గొప్ప. ఇలాంటప్పుడు కొత్తవాడు చేసేది పవర్ పెంచడం. అనుభవమున్నవాడు నాలుగడుగులు పక్కకి జరుగుతాడు. బండరాయి చాటు తప్పినా, తడి ఆకుల గుబురు వదిలినా పవర్ రెట్టింపు చేసిన దానికంటే ఎక్కువ లాభం.

లోయలో కూర్చుంటే విహెచ్‌ఎఫ్ వదిలేసి హెచ్‌ఎఫ్ తీయండి. ఇక్కడ కిటుకు యాంటెన్నాని కిందికి వేయడం. వైరుని నేలకి 3 నుంచి 5 మీటర్ల ఎత్తులో అడ్డంగా కడితే సిగ్నల్ నిట్టనిలువుగా పైకి పోయి, పైపొరకి తగిలి, గొడుగులా చుట్టూ రెండు మూడొందల కిలోమీటర్లు పరుచుకుంటుంది. కొండ అడ్డు రాదు, ఎందుకంటే కొండ మీదుగా పోవడం లేదు, నెత్తి మీద నుంచి దిగుతోంది. పగలు 5 నుంచి 8 మెగాహెర్ట్జ్, రాత్రి 2 నుంచి 4. సూర్యుడు దిగాక ఆ పైపొర పలచబడి, ఎక్కువ ఫ్రీక్వెన్సీ దాన్ని చీల్చుకుని అంతరిక్షంలోకి పోతుంది. పగలు ఖణేల్‌మన్న లింకు సాయంత్రం ఏడింటికి మాయమైతే సెట్టుని తిట్టకండి, ఫ్రీక్వెన్సీ దించండి.

వైరు పొడవు: 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో, అందులో సగం ఒక్కో చేయి. 5 మెగాహెర్ట్జ్‌కి 28.6 మీటర్లు, చేతికి 14.3. 7కి 20.4, చేతికి 10.2. చీకట్లో టేపు ఉండదు. మీ బార ఎంతో, జాన ఎంతో ముందే కొలిచి నోట్‌బుక్ అట్ట మీద రాసుకోండి. బార 1.70 మీటర్లు, జాన 23 సెంటీమీటర్లు అయితే 14.3 మీటర్లంటే ఎనిమిది బారల మూడు జానలు. కొంచెం పొడుగ్గానే కోసి, చివర మడిచి వైరుకే చుట్టండి. మడత విప్పితే తక్కువ ఫ్రీక్వెన్సీకి సరిపోతుంది, పొట్టిగా కోసిందానికి మందు లేదు. చివరలను నైలాన్ తాడుతో కట్టాలి, వైరుని నేరుగా తడి కొమ్మకి చుట్టకూడదు. అక్కడ కరెంటు తక్కువ, వోల్టేజీ ఎక్కువ. బయటికి పోవాల్సిన శక్తి కొమ్మలోకి కారిపోతుంది, ట్రాన్స్‌మిట్ చేస్తుండగా పట్టుకున్నవాడి వేలు కాలుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి వస్తోందో చూపే కొలత) 2 దాటితే మొదట అనుమానించాల్సింది కనెక్టర్ని. చెమటా దుమ్మూ కలిసి పచ్చగా పేరుకుంటుంది. పెన్సిలు రబ్బరుతో రుద్దితే పోతుంది. యాంటెన్నా లేకుండా పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కడం మాత్రం ఎవడూ చేయకూడదు. బయటికి దారి లేని శక్తి వెనక్కి వచ్చి సెట్టు చివరి దశని కాల్చేస్తుంది.

బ్యాటరీ లెక్క రానివాడు ఎంత బరువు మోసినా చాలదు. ఒక ఉదాహరణ: సెట్టు మాట్లాడేటప్పుడు 4 ఆంపియర్లు, వినేటప్పుడు 0.4 తీసుకుంటుందనుకోండి. బ్యాటరీ 10 ఆంపియర్ అవర్. గంటలో ఆరు నిమిషాలు మాట్లాడి మిగతా సమయం వింటే 0.4, 0.36 కలిపి 0.76. అంటే బ్యాటరీ 13 గంటలు. మూడు రోజుల పనికి ఆరు బ్యాటరీలు మోయాలి. అదే, నాలుగు గంటలకొకసారి పావుగంట మాత్రమే సెట్టు తెరుస్తామని ముందే షెడ్యూలు పెట్టుకుంటే? ఒక్కో పావుగంటలో మూడు నిమిషాలు మాట్లాడితే 0.2, పన్నెండు నిమిషాలు వింటే 0.08. మూడు రోజుల్లో పద్దెనిమిది సార్లు, మొత్తం 5 ఆంపియర్ అవర్ పైన కొంచెం. ఒక బ్యాటరీ, ఒక స్పేరు. వీపు మీద నాలుగు బ్యాటరీలు తగ్గించింది ఒక కాగితపు లెక్క. లడాఖ్, సిక్కిం చలిలో లిథియం బ్యాటరీ సామర్థ్యం బాగా పడిపోతుంది. సగమే ఇస్తుందని లెక్కేసుకోండి, స్పేరుని చొక్కాలో ఒంటికి ఆనించి పెట్టుకోండి. చల్లబడి 'ఖాళీ' చూపించినదాన్ని పారేయకండి, వెచ్చబడితే ఇంకొంత ఇస్తుంది.

బయల్దేరే ముందు చెక్కులు ఈ వరసలో చేస్తే ఒకటి మరిచిపోయినా రెండోది పట్టిస్తుంది:

1. గడియారం. ఫ్రీక్వెన్సీ హాపింగ్ సెట్లన్నీ ఒకే సమయం మీద ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి గెంతుతాయి. ఒకడి టైము తేడా పడితే వాడొక్కడూ నెట్‌లో (కలిసి మాట్లాడుకునే సెట్ల గుంపులో) వినపడడు. జీపీఎస్ సమయానికి అందరూ కలపాలి.
2. కోడ్ కీలు (మాటని రహస్యంగా మార్చే సంకేతాలు). అన్ని సెట్లలోనూ ఆ రోజువేనా, అర్ధరాత్రి మారేవి లోడ్ అయ్యాయా.
3. బ్యాటరీని సెట్టు ఊరికే ఉన్నప్పుడు కాదు, ట్రాన్స్‌మిట్ చేస్తూ చూడాలి. పాత బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు నిండుగా చూపించి, పీటీటీ నొక్కగానే కుప్పకూలుతుంది.
4. హెడ్‌సెట్ తీగని చెవి దగ్గర, ప్లగ్ దగ్గర వంచుతూ వినాలి. తెగేది ఆ రెండు చోట్లే.
5. అందరితో మాట్లాడి చూడటం, పిట్టూ వేసుకున్నాకే. బల్ల మీద పనిచేసిన సెట్టు, వీపున యాంటెన్నా వంగాక పనిచేయకపోవచ్చు.

డిజిటల్ కోడ్ సెట్టులో పీటీటీ నొక్కి, మనసులో 'ఒకటి' అనుకుని, అప్పుడు నోరు తెరవాలి. వెంటనే మొదలుపెడితే మొదటి ముక్క కోతపడుతుంది. 'ఫైర్ చేయొద్దు' అన్నదాన్ని తిప్పి చెప్పే అలవాటున్నవాడు 'ఆపండి' లాంటి ఒక్క మాటే వాడి, రెండుసార్లు చెబుతాడు. సగం తెగినా మిగిలింది తప్పు అర్థం ఇవ్వకూడదు.

ప్రతి పనికీ మాట చేరవేసే దారులు నాలుగు రాసుకోవాలి: మొదటిది, అది పోతే రెండోది, అదీ పోతే మూడోది, ఏదీ లేకపోతే చివరిది. ముఖ్యమైన సంగతేమిటంటే ఈ నాలుగూ ఒకే బ్యాటరీ మీదో ఒకే యాంటెన్నా మీదో ఆధారపడకూడదు. ఒకే సెట్టులోని నాలుగు ఛానళ్లు రాసి నాలుగు దారులన్నవాడికి ఉన్నది ఒకటే దారి. రెండు షెడ్యూళ్లు వరసగా తప్పితే అటువైపువాళ్లు ఏం చేయాలో కూడా ముందే రాసి ఉండాలి. లేకపోతే ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకుంటూ బ్యాటరీలు తగలేసుకుంటారు.

మాట ఎంత పొట్టిగా ఉంటే అంత క్షేమం. గాల్లోకి వెళ్లిన ప్రతి సిగ్నల్‌నీ దిక్కు పట్టేవాడు ఒకడుంటాడు. రాసుకుని, కత్తిరించి, పంపి, ఆ చోటు వదిలేయాలి. పడుకునే చోటు నుంచి పంపకూడదు.

పైకి ఎక్కడం

సిగ్నల్‌మన్, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్. ఆపైన జేసీవోలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు): నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. పదోన్నతి ఖాళీని బట్టి వస్తుంది. ఖాళీ వచ్చిన రోజున మీ కాగితాలు పూర్తిగా ఉన్నాయా అన్నదే ప్రశ్న. ట్రేడ్ టెస్టు, మ్యాప్ రీడింగ్ సర్టిఫికెట్, ప్రమోషన్ కేడర్ (పదోన్నతి కోర్సు), ఏసీఆర్‌లు (ఏటా రాసే పనితీరు నివేదికలు), మెడికల్ కేటగిరీ. ఒక్కటి తక్కువైనా మీ వెనకవాడు ముందుకెళ్తాడు.

పారాలోని సిగ్నల్స్ జవాను ఇక్కడే దెబ్బతింటాడు. మీరు పారా బ్రిగేడ్‌లో ఎన్నేళ్లున్నా, సీనియారిటీ కోర్ లెక్కలో, జబల్‌పూర్‌లోని సిగ్నల్స్ రికార్డ్స్‌లో నడుస్తుంది. మీ తోటివాడు మామూలు సిగ్నల్ రెజిమెంట్‌లో కూర్చుని వరసగా ట్రేడ్ టెస్టులు రాసుకుంటూ పోతుంటే, మీరు ఎక్సర్‌సైజు నుంచి ఎక్సర్‌సైజుకి పరిగెడుతూ 'వచ్చే ఏడు రాద్దాం' అంటారు. అలా రెండు 'వచ్చే ఏడు'లు గడిస్తే నాయక్ దగ్గర ఆగిపోయినట్టే. ఏటా జనవరిలో మీ డాక్యుమెంట్లు హెడ్ క్లర్క్ సాబ్ దగ్గర తీసి చూసుకోండి. కోర్సు గ్రేడింగు పార్ట్ టూ ఆర్డర్‌లో (సర్వీసు వివరాలు నమోదయ్యే ఉత్తర్వులో) ఎక్కిందా లేదా అన్నది మీరే చూసుకోవాలి. ఎక్కని కోర్సు చేయని కోర్సుతో సమానం.

మెడికల్ కేటగిరీని షేప్ అంటారు. అందులో రెండో అక్షరం వినికిడి. ఫైరింగ్ రేంజ్‌లో చెవులకి ప్లగ్గులు పెట్టుకోవడం నామోషీ అనుకునేవాడు పదేళ్లకి ఆ అక్షరం దగ్గరే షేప్ వన్ (పూర్తి ఫిట్ గ్రేడు) పోగొట్టుకుంటాడు, దాంతో పదోన్నతి చిక్కుల్లో పడుతుంది. హెడ్‌సెట్ రోజూ ఒకే చెవికి పెట్టకండి. మోకాళ్ల సంగతి జంపులు చేసే ఎవరికైనా తెలిసిందే.

క్రమశిక్షణ చర్యల్లో రెడ్ ఇంక్ ఎంట్రీ అంటే ఏళ్ల తరబడి వెంటాడే మచ్చ. దాన్ని తెచ్చిపెట్టేవి ఇవి: సెలవు మీద ఒక రోజు ఆలస్యం, చేతి నుంచి పోయిన సెట్టు, ఫోను. సెట్టుగానీ కోడ్ పరికరంగానీ పోతే దాచిపెట్టి వెతకడం కంటే ఘోరమైన తప్పు లేదు. వెంటనే చెబితే కీలు మార్చేస్తారు, కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ జరుగుతుంది, బతికి బయటపడతారు. ఆలస్యం చేస్తే ఆ నెట్ మీద మాట్లాడిందంతా పోయినట్టే లెక్క. 2020 జులైలో సైన్యం 89 యాప్‌లు ఫోన్ల నుంచి తీసేయమంది. మెరూన్ టోపీతో ఫొటో పెట్టాలని చేతులు దురద పెడతాయి, వెనక బల్ల మీద సెట్టు కనపడుతున్నా గమనించరు. అవతలివాడు ముఖం చూడడు, సెట్టే చూస్తాడు.

హవల్దార్ స్థాయిలో మౌ కోర్సులు జీవితాన్ని మలుపు తిప్పుతాయి. సాంకేతిక పనికి ఫోర్‌మన్ ఆఫ్ సిగ్నల్స్, సందేశాలూ ఆపరేషన్ పనికి యోమన్ ఆఫ్ సిగ్నల్స్. వీటికి పంపేది మంచి గ్రేడు ఉన్నవాళ్లని. ఇంగ్లీషులో సర్క్యూట్ డయాగ్రమ్ చదవగలగాలి, ఇంటర్ గణితం గుర్తుండాలి. చేరిన రోజున పెట్టెలో అడుగున పెట్టిన ఎంపీసీ పుస్తకం బయటికి తీసేది అప్పుడే.

అధికారి కావాలనుకునే రెగ్యులర్ జవానుకి ఆర్మీ కేడెట్ కాలేజీ దారి ఉంది: ఇంటర్, కనీసం రెండేళ్ల సర్వీసు, 20 నుంచి 27 ఏళ్ల వయసు, రాతపరీక్ష, ఎస్‌ఎస్‌బీ (అధికారుల ఎంపిక బోర్డు ఇంటర్వ్యూ). నెగ్గితే డెహ్రాడూన్‌లో మూడేళ్లు డిగ్రీ, ఒక ఏడాది ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ). వయసు దాటితే 28 నుంచి 35 మధ్యవాళ్లకి స్పెషల్ కమిషన్డ్ ఆఫీసర్ పథకం. ఖాళీ దొరకని చోట కూడా జీతం పూర్తిగా ఆగదు, 8, 16, 24 ఏళ్లకి ఎంఏసీపీ (పదోన్నతి లేకపోయినా జీతం పెంచే పథకం) కింద పెరుగుతుంది. పెన్షన్‌కి రెగ్యులర్ సర్వీసు 15 ఏళ్లు ఉండాలి. అగ్నివీర్‌గా చేసిన నాలుగేళ్లు అందులోకి రావు.

నాలుగేళ్లకో ఇరవై నాలుగేళ్లకో బయటికొచ్చేటప్పుడు రెండు పనులు మరవకండి. చేసిన ప్రతి ట్రేడ్ కోర్సు సర్టిఫికెట్ నకలు యూనిట్ వదిలేముందే తీసుకోవాలి, తర్వాత రికార్డ్స్‌కి ఉత్తరాలు రాస్తూ ఏడాది గడిచిపోతుంది. ఇంకోటి, రిలీజ్ మెడికల్ బోర్డు ముందు కూర్చున్నప్పుడు 'అంతా బాగుంది సాబ్' అనేయకుండా, చెవిలో గుయ్‌మని మోగుతున్నా మోకాలు పట్టేస్తున్నా చెప్పి రాయించాలి. చెవికి ఆడియోగ్రామ్ తీయమని అడగాలి. ఆ రోజు కాగితం మీదకి ఎక్కనిది, ఆ తర్వాత సర్వీసు వల్లే వచ్చిందని నిరూపించడం చాలా కష్టం.